సైకిల్‌ని గుద్దితే "రాజీ పడండి" అంటున్నారు, కేసు పెట్టడం దండగా?

పెడల్_ప్రసాద్
రోజూ హైదరాబాద్ బోడుప్పల్ నుంచి ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తాను. ఫొటోలు పెట్టుకోవడానికి కాదు, ఆ ట్రాఫిక్‌లో బైకు కన్నా సైకిలే నయం అనిపించి. పోయిన వారం హైవే మీద ఎడమ పక్కన వస్తుంటే వెనక నుంచి ఒక పెద్ద కారు ఓవర్‌టేక్ చేస్తూ సైడు అద్దంతో నా హ్యాండిల్‌ని కొట్టింది. కాలర్ బోన్ విరిగింది. ఎడమ చెయ్యి మెడకి వేలాడుతోంది, ఇదంతా కుడి చేత్తోనే కొడుతున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

కారాయన పారిపోలేదు, ఆపాడు. దిగి ముందు అద్దం చూసుకున్నాడు, తర్వాత నా వైపు తిరిగి "హైవే మీద సైకిలేంటి బాస్" అన్నాడు. స్టేషన్‌కి వెళ్తే (ఏదో చెప్పను) అక్కడున్నాయన కుర్చీ వేసి, టీ తెప్పించి, మహా మర్యాదగా "వాయిదాల చుట్టూ తిరగలేరు సార్, ఉద్యోగస్తులు, ఆయన పదివేలు ఇస్తానంటున్నాడు, తీసుకుని రాజీ పడండి" అన్నాడు. నేను సంతకం పెట్టలేదు. నా ఫిర్యాదు తీసుకున్నారు గానీ రసీదు లేదు, ఎఫ్ఐఆర్ లేదు. కారాయన మాత్రం ఆ సాయంత్రమే ఇంటికెళ్ళిపోయాడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? అసలు సైకిల్ వాడి కేసు ఎక్కడైనా నిలబడిందా?

గేర్‌లెస్_గిరి
అద్దానికి ఏం కాలేదు కదా?

పెడల్_ప్రసాద్
మడత పడింది, మళ్ళీ విప్పుకున్నాడు. ఆటో ఫోల్డ్ అట. నాకా సౌకర్యం లేదు.

ఎస్‌యూవీ_సుబ్బు
తిట్టుకున్నా సరే, కారు నడిపేవాడి వైపు నుంచి కూడా ఒకటి చెప్తాను. ప్రసాద్ గారికి జరిగింది తప్పే. కానీ రాత్రి తొమ్మిదింటికి లైటు లేకుండా, రాంగ్ సైడులో, ముదురు రంగు చొక్కా వేసుకుని ఎదురొచ్చే సైకిళ్ళు ఈ ఊళ్ళో తక్కువా? ఎదుటి బండి హై బీమ్ కళ్ళల్లో పడుతుంటే ఆ మనిషి ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి. ఆదివారం పొద్దున్నే కొందరు ముగ్గురు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతారు, హారన్ కొడితే కోపంగా చూస్తారు. ఏం జరిగినా "పెద్ద బండిదే తప్పు" అని జనం తీర్పు ఇచ్చేస్తారు. బాధ్యత ఇద్దరికీ ఉండాలి కదా.

బెజవాడ_సుజాత
సుబ్బు గారూ, ప్రసాద్ గారు లైటు లేకుండా రాంగ్ సైడులో వచ్చారని ఎక్కడైనా రాశారా? వెనక నుంచి గుద్దించుకున్న మనిషికి రాంగ్ సైడు పాఠం ఎందుకు?

ఎస్‌యూవీ_సుబ్బు
ఆయన గురించి కాదండీ, జనరల్‌గా అన్నాను.

గేర్‌లెస్_గిరి
మన రోడ్ల మీద జనరల్‌గా అన్నవే ఎప్పుడూ ఎడమ పక్కన వెళ్ళేవాడికి తగుల్తాయి.

నల్లకోటు
నేను యాక్సిడెంట్ క్లెయిములు చూస్తాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు ప్రసాద్ గారి కోపం. డ్రైవర్‌ని ఆ సాయంత్రమే పంపించేశారంటే లంచం తిన్నారని అనుకోనక్కర్లేదు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో సాధారణంగా అరెస్టు చెయ్యరు, నోటీసు ఇచ్చి పంపిస్తారు, అది చట్టమే. తప్పు జరిగింది మరో చోట, ఎఫ్ఐఆర్ రాయకపోవడంలో. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయం. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ బదులు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్‌లో సెక్షన్ 281 ర్యాష్ డ్రైవింగ్‌కి, 125(బి) నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేసినందుకు. రెండోదానికి మూడేళ్ళ దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ఎఫ్ఐఆర్ కట్టి తీరాల్సిన కేసు. కట్టాక కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే అదే ఫిర్యాదుని రిజిస్టర్డ్ పోస్టులో డీసీపీకి పంపండి, రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళొచ్చు.

ఇక రాజీ. 125(బి)లో రాజీ ఉంది, కానీ కోర్టు అనుమతితో, గాయపడిన మనిషి ఒప్పుకుంటేనే. స్టేషన్ బల్ల మీద తెల్లకాగితంతో కాదు. 281లో అయితే రాజీ అన్నదే లేదు.

జనం కలిపేసే ఇంకో సంగతి చెప్తాను. క్రిమినల్ కేసు వేరు, నష్టపరిహారం వేరు. పరిహారం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో అడగాలి, కట్టేది మామూలుగా ఆ కారు ఇన్సూరెన్సు కంపెనీ. థర్డ్ పార్టీ బీమా ప్రతి బండికీ తప్పనిసరి, అది ఉన్నదే మనలాంటివాళ్ళ కోసం. ఆస్పత్రి ఖర్చు, పోయిన జీతం, నొప్పి, ముందు ముందు కావాల్సిన వైద్యం అన్నీ అడగొచ్చు. పదివేలకి సంతకం పెడితే రేపు కంపెనీ లాయరు ఆ కాగితమే తెచ్చి చూపిస్తాడు. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వెయ్యండి, ఆలస్యం చెయ్యొద్దు.

క్యాజువాల్టీ_నర్సు
నల్లకోటు గారు చెప్పినదానికి ముందు ఒక మెట్టుంది. ఆస్పత్రిలో మొదట ఏం చెప్తారో అదే రాస్తారు. చాలామంది పోలీసులంటే భయంతోనో, తోడొచ్చిన డ్రైవర్ బతిమాలాడనో "సైకిల్ మీంచి జారిపడ్డాను" అంటారు. అదే కేసు షీట్‌లోకి ఎక్కుతుంది. తర్వాత కారు గుద్దిందంటే ఎవరు నమ్ముతారు? క్యాజువాల్టీలోనే "రోడ్డు ప్రమాదం, ఫలానా బండి వెనక నుంచి గుద్దింది" అని చెప్పి ఎమ్మెల్సీ రాయించుకోండి. మెడికో లీగల్ కేసు అంటే మీ మీద కేసు కాదు, గాయం ఎలా తగిలిందో రాసి స్టేషన్‌కి సమాచారం పంపడం. నైట్ డ్యూటీలో వారానికి ఒకరైనా ఇలా "జారిపడ్డ" వాళ్ళొస్తారు. బయట వాకిట్లో కారు ముందు బంపరు పగిలి ఉంటుంది.

పెడల్_ప్రసాద్
అక్క, నాది ఎమ్మెల్సీ రాశారు. నన్ను తీసుకెళ్ళింది ఆ కారాయన కాదు, వెనకొచ్చిన ఆటో అతను. పేరు చెప్పమంటే పోలీసు గొడవ నాకెందుకని వెళ్ళిపోయాడు.

క్యాజువాల్టీ_నర్సు
ఆయన పేరు చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనకూడదు. మోటారు వాహనాల చట్టంలో 134ఎ వచ్చాక సాయం చేసినవాళ్ళని సాక్ష్యం చెప్పమని బలవంతం చేసే వీల్లేదు. ఈ మాట ఆటో స్టాండుల్లో రాసి పెట్టాలి, మా ఆస్పత్రి గోడ మీద ఉంటే చదివేదెవరు.

క్యాబ్‌వాలా_శీను
నేను క్యాబ్ నడుపుతా. అన్నలందరూ డ్రైవర్లని ఒకే గాటన కట్టకండి. మాకు సైకిల్ కనబడితే భయం, తగిలితే జనం ముందు కొడతారు తర్వాత అడుగుతారు. అందుకే చాలామంది ఆపరు. ఆగి నిలబడిన డ్రైవర్‌ని కొట్టి బండి అద్దాలు పగలగొట్టడం నా కళ్ళతో చూశాను. పన్నెండు గంటలు నడిపి, యాప్‌లో టైము పరిగెడుతుంటే, వెనక కస్టమర్ ఫోన్‌లో అరుస్తుంటే ఎడమ పక్క ఎవరున్నారో చూడటానికి ఓపిక మిగలదు. అది తప్పు కాదని అనట్లేదు. ఎట్లా జరుగుతుందో చెప్తున్నా.

నల్లకోటు
శీను గారి మాట చట్టానికీ తెలుసు. సెక్షన్ 134 ప్రకారం గాయపడినవాణ్ణి ఆస్పత్రికి చేర్చడం డ్రైవర్ బాధ్యత, కానీ జనం మీద పడే పరిస్థితి ఉంటే మినహాయింపు అందులోనే రాసి ఉంది. అలాంటప్పుడు బండి తీసుకుని నేరుగా దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్ళొచ్చు, 112కి చెప్పొచ్చు. ఇంటికెళ్ళి బండి మీద కవర్ కప్పడం మాత్రం ఆ మినహాయింపులోకి రాదు.

కరీంనగర్_కుర్రోడు
మరి హిట్ అండ్ రన్‌కి పదేళ్ళ జైలు అని లారీలన్నీ ఆపేశారు కదా, పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల లైన్లు. అదేమైంది?

నల్లకోటు
అది బీఎన్ఎస్ 106(2). ఎవరైనా చనిపోతే, చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కి పదేళ్ళ దాకా. 2024 జనవరిలో సమ్మె అయ్యాక పక్కన పెట్టారు, జులైలో మిగతా బీఎన్ఎస్ అంతా అమలు చేసినప్పుడు దాన్ని మాత్రం చెయ్యలేదు. 106(1) నడుస్తోంది, నిర్లక్ష్యంతో మరణానికి ఐదేళ్ళ దాకా. పాత ఐపీసీ 304ఎలో రెండేళ్ళే.

గేర్‌లెస్_గిరి
పుణెలో 2024లో ఖరీదైన కారుతో ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళని గుద్దిన మైనర్‌కి ముందు బెయిలిచ్చి రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమన్నారు. ప్రసాద్ ఇక్కడ పెట్టిన మొదటి పోస్టు చూస్తే సగం శిక్ష తనే అనుభవించేశాడు.

మల్కాజిగిరి_లలిత
మీరంతా చదువుకున్నవాళ్ళు, సెక్షన్లు తెలుసు, కనీసం అడగడానికి ఈ చోటు తెలుసు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంగతి చెప్తాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనిషి, రాత్రి డ్యూటీ అయ్యాక పొద్దున్నే సైకిల్ మీద ఇంకో చోట కార్లు తుడవడానికి వెళ్తాడు. తెల్లవారుజామున కారొకటి గుద్దింది. కాలు రెండు చోట్ల విరిగింది. కారు వాళ్ళు మంచిగానే ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించి, కట్టు కట్టించి, చేతిలో కొంత డబ్బు పెట్టి కాగితం మీద వేలిముద్ర తీసుకున్నారు. అందులో ఏం రాసుందో ఆయనకి తెలీదు. ఆస్పత్రి కాగితాల్లో "జారిపడినట్టు" అని ఉంది, నర్సు గారు చెప్పిన మాటే. తర్వాత ఆపరేషన్ కావాలన్నారు. ఆ ఉద్యోగమూ పోయింది, మా అసోసియేషన్ వాళ్ళు వేరే వాచ్‌మన్‌ని పెట్టుకున్నారు. మీటింగులో నేనొక్కదాన్నే గొడవపడ్డాను. ఇప్పుడు ఊరెళ్ళిపోయాడు.

ఈ నగరంలో సైకిల్ ఎవరు తొక్కుతున్నారో ఒకసారి పొద్దున్న ఐదింటికి బయటికొచ్చి చూడండి. పేపర్ వేసే పిల్లలు, పాలవాళ్ళు, వాచ్‌మన్లు, బిల్డింగ్ పనికెళ్ళే కూలీలు. రాత్రి రెండింటికి సైకిల్ మీద ఫ్లాస్కు పెట్టుకుని టీ అమ్మేవాళ్ళు. హెల్మెట్ పెట్టుకుని లైక్రా వేసుకున్నవాళ్ళు ఎందరు? చర్చ మాత్రం వాళ్ళ గురించే జరుగుతుంది.

బెజవాడ_సుజాత
లలిత గారూ, సరిగ్గా నా మనసులో మాట. మా ఊళ్ళో ఏలూరు రోడ్డు మీద ఇప్పటికీ అరవై దాటిన పెద్దవాళ్ళు సైకిల్ మీద కూరగాయల సంచీ తగిలించుకుని వెళ్తుంటారు. హారన్ వినబడదు వాళ్ళకి. "చచ్చిపోతావ్ ముసలాయనా" అని అరుచుకుంటూ పోతారు బైకుల మీద కుర్రాళ్ళు. ఆ రోడ్డు మీద బైకులు పుట్టక ముందు నుంచీ తొక్కుతున్నాడాయన.

ఎస్‌యూవీ_సుబ్బు
లలిత గారు చెప్పింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటాను. కొంచెమే. రాంగ్ సైడు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

వైజాగ్_రైడర్
రాంగ్ సైడు ఎందుకొస్తున్నారో ఎవరైనా అడిగారా సుబ్బు గారూ? పనిమీద హైదరాబాద్ వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, సిగ్నల్ తీసేసి డివైడర్ మూసేసి యూటర్న్ పెడతారు. కారుకి ఆ కిలోమీటరు ఒక నిమిషం. సైకిల్ మీద వెనక బియ్యం బస్తా ఉన్నవాడికి వెళ్ళేటప్పుడు ఒక కిలోమీటరు, తిరిగొచ్చేటప్పుడు ఒకటి, మధ్యలో యూటర్న్ దగ్గర కుడి లేన్‌లోకి, అంటే వేగంగా వచ్చే బండ్ల మధ్యలోకి దూరాలి. ఆ పని నేను గేర్ల సైకిల్ మీద కూడా చెయ్యను. రెండొందల మీటర్లు ఎదురు తొక్కితే ఇల్లొస్తుంది. మీరైతే ఏం చేస్తారు? రోడ్డు కట్టినవాడు సైకిల్ వాణ్ణి లెక్కలోనే పెట్టుకోలేదు, వాడు మాత్రం రూలు పాటించాలి.

ఎస్‌యూవీ_సుబ్బు
ఆ లెక్క నేను వెయ్యలేదు. సరే. లైటు పెట్టుకోవడానికి యూటర్న్ అక్కర్లేదు కదా?

వైజాగ్_రైడర్
ఒప్పుకుంటున్నా. వెనక ఎర్ర లైటు రెండు మూడు వందలకి వస్తుంది. కొత్త సైకిళ్ళకి రిఫ్లెక్టర్లు ఉండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. రోడ్డు మీద తిరిగే సైకిళ్ళు మాత్రం వాళ్ళ నాన్నల కాలంవి.

కరీంనగర్_కుర్రోడు
సైకిల్ ట్రాక్ కట్టారు కదా అన్నా, పైన సోలార్ కప్పుతో. అక్కడ తొక్కొచ్చు కదా అందరూ.

పెడల్_ప్రసాద్
2023 అక్టోబర్‌లో ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీసు రోడ్డు పక్కన మొదలుపెట్టారు, 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. ఒకసారి వెళ్ళాను, బాగుంది, ఎండ లేదు, నున్నగా ఉంది. కానీ బోడుప్పల్ నుంచి అక్కడికి వెళ్ళాలంటే సైకిల్‌ని కారు మీద కట్టుకుని ఊరంతా దాటాలి. పేపర్ బాయ్‌కి ఏం పనికొస్తుంది చెప్పు? అది వ్యాయామం కోసం. పనికెళ్ళేవాడికి కావాల్సింది ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా ఎడమ పక్కన ఒక మీటరున్నర, పార్కింగ్ లేకుండా.

గేర్‌లెస్_గిరి
ఎడమ పక్క మీటరున్నర ఖాళీ కనబడితే పానీపూరీ బండి, దాని పక్కన తినేవాళ్ళ బైకులు, ఆ పక్కన ట్రాఫిక్ పోలీసు పెట్టిన "నో పార్కింగ్" బోర్డు, దానికి కట్టేసిన ఇంకో బైకు.

ఆమ్‌స్టెల్వీన్_రవి
నెదర్లాండ్స్‌లో ఉంటాను. ఇక్కడ పుట్టుకతోనే సైకిల్ దేశం అనుకుంటారు, కాదు. 1971లో ఒక్క ఏడాదిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. తల్లిదండ్రులు "పిల్లల హత్యలు ఆపండి" అని రోడ్ల మీద కూర్చున్నాకే మార్పు మొదలైంది. చమురు కొరత కూడా కలిసొచ్చింది.

ఇక్కడి చట్టంలో నాకు నచ్చింది బాధ్యత ఎవరి నెత్తిన మొదలవుతుందన్నది. కారు సైకిల్‌ని గుద్దితే నష్టం కట్టాల్సింది కారు వైపు వాళ్ళే, కట్టక్కర్లేదంటే కారు వాడే నిరూపించుకోవాలి. సైకిల్ వాడి తప్పు కొంత ఉన్నా సగమైనా కారు బీమా భరిస్తుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలైతే దాదాపు మొత్తం. ఇది జైలు సంగతి కాదు, డబ్బు సంగతి. 2023 డిసెంబర్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలా వీధుల్లో వేగం గంటకి 30 చేశారు, మొదట్లో తిట్టుకున్నారు, ఇప్పుడు కొంత అలవాటైంది.

నల్లకోటు
రవి గారు చెప్పినదాని ఛాయ మనకీ ఉంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164. తప్పెవరిదో నిరూపించకుండానే మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. కాకపోతే అది తీసుకుంటే 166 కింద, అంటే తప్పు నిరూపించి వేసే మామూలు క్లెయిములో, ఎక్కువ అడగలేరు, ఏదో ఒకటే. బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం, 2022 ఏప్రిల్ నుంచి మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు, అంతకుముందు 25 వేలూ 12,500. రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామందికి ఆ పథకం ఉందనే తెలియదు.

ఫ్రీమాంట్_వాణి
కాలిఫోర్నియాలో 2014 నుంచి సైకిల్‌ని దాటేటప్పుడు మూడడుగుల దూరం ఉంచాలని చట్టం. 2023 నుంచి పక్క లేన్ ఖాళీగా ఉంటే అందులోకి మారి దాటాలి. అయినా అమెరికా మొత్తం మీద ఏడాదికి వెయ్యి మందికి పైగా సైక్లిస్టులు చనిపోతున్నారు. ఇక్కడ రోడ్లు వెడల్పు, వేగాలు ఎక్కువ, కార్ల బోనెట్లు నా ఎత్తున ఉంటాయి. కాబట్టి విదేశాల్లో అంతా స్వర్గం అనుకోకండి. మా ఆయన గ్రోసరీకి సైకిల్ మీద వెళ్తానంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

ఒక్కటి మాత్రం ఎవరైనా ఈరోజే చెయ్యొచ్చు. కారు డోర్ తీసేటప్పుడు దూరంగా ఉన్న చేత్తో తియ్యండి. డ్రైవర్ సీటులో మన దగ్గర ఎడమ చేత్తో. అప్పుడు ఒళ్ళు దానంతట అదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిల్ కనబడుతుంది. డచ్ వాళ్ళ అలవాటట ఇది.

క్యాబ్‌వాలా_శీను
ఇది మంచిగుంది అక్కా. డోరు తగిలి పడేవాళ్ళే ఎక్కువ మా స్టాండు దగ్గర. కస్టమర్లకి కూడా చెప్తా, కుడి వైపు దిగొద్దని చెప్తేనే వినరు, చూద్దాం.

కరీంనగర్_కుర్రోడు
ప్రసాదన్నా, కారు నంబర్ పెట్టు ఇక్కడ, వైరల్ చేద్దాం.

మోడరేటర్
నంబర్లు, పేర్లు, ఫోటోలు వద్దు. పెడితే తీసేస్తాను.

నల్లకోటు
మోడరేటర్ గారిది సరైన మాట, అది ప్రసాద్ కేసుకీ నష్టమే. నంబరు ఎం-పరివాహన్ యాప్‌లో కొడితే బీమా ఉందో లేదో, ఎప్పటిదాకా ఉందో కనబడుతుంది, ప్రస్తుతం అది చాలు. దానికన్నా ముఖ్యం రోడ్డు పక్క షాపుల సీసీ కెమెరాలు. కొన్నాళ్ళకి పాత రికార్డు మీదే కొత్తది ఎక్కేస్తుంది. రేపే వెళ్ళి అడగండి, ఇవ్వకపోతే ఫలానా షాపు కెమెరాలో ఉందని ఫిర్యాదులో రాసి పోలీసులనే తీసుకోమనండి. వీడియో కోర్టులో చెల్లాలంటే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, పెన్‌డ్రైవ్ ఒక్కటి సరిపోదు.

బెజవాడ_సుజాత
చలానాలన్నా గట్టిగా వేస్తే కొంత భయం ఉంటుంది కదా. తెలంగాణలో రెండుసార్లు డిస్కౌంటు ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో అయితే బైకులకి 80 శాతం, కార్లకి 60 శాతం. ఆఫర్ వచ్చేదాకా ఆగుదాం అనుకుంటాడు ఎవడైనా.

గేర్‌లెస్_గిరి
మా బాబాయి ఆఫర్ మిస్ అయ్యానని బాధపడ్డాడు. చలానా లేదు ఆయనకి, అయినా బాధ.

పెడల్_ప్రసాద్
అప్‌డేట్. డీసీపీ ఆఫీసుకి పోస్టులో పంపిన నాలుగో రోజు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, మళ్ళీ అంతే మర్యాద. ఎఫ్ఐఆర్ అయింది, 281, 125(బి) రెండూ ఉన్నాయి. టైరు పంక్చర్ షాపాయన కెమెరాలో కారు నన్ను దాటడం స్పష్టంగా ఉంది, గుద్దినట్టు కాక గీసుకున్నట్టు. ఇప్పుడు కొత్త కథ. కారాయన తను నడపలేదు, డ్రైవర్ నడిపాడు అంటున్నాడట. ఆ రోజు దిగింది ఆయనొక్కడే, నా కళ్ళ ముందే.

నల్లకోటు
పాత పాటే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 ప్రకారం ఆ సమయంలో ఎవరు నడిపారో ఓనరు పోలీసులకి చెప్పి తీరాలి. ఎవరో డ్రైవర్ పేరు రాస్తే ఆ డ్రైవర్ లైసెన్సు, ఫోన్ ఎక్కడుందీ అన్నీ బయటికొస్తాయి. జీతానికి నడిపేవాడి నెత్తిన రుద్దడం ఇక్కడ మామూలే, ఆ డ్రైవర్‌కి కూడా లాయరు దొరికితే బాగుండు అనిపిస్తుంది నాకు. మీ పరిహారానికి మాత్రం ఎవరు నడిపినా పెద్ద తేడా లేదు, బీమా బండికి.

క్యాబ్‌వాలా_శీను
సార్ చివర రాసిన మాట మాత్రం నిజం. మావోడొకడు అట్లనే ఓనర్ కోసం పేరు ఇచ్చి ఇప్పటికీ కోర్టుకి తిరుగుతున్నాడు. ఓనర్ ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఎస్‌యూవీ_సుబ్బు
ఇది మాత్రం దారుణం. గుద్దిన మనిషి గుద్దానని చెప్పుకోవడానికేం రోగం. బీమా ఉంది కదా, జేబులోంచి పోయేదేముంది?

నల్లకోటు
నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని భయం. థర్డ్ పార్టీ క్లెయిముకి అది పోదు కూడా, సొంత బండి రిపేరుకి క్లెయిము చేస్తేనే పోతుంది.

మల్కాజిగిరి_లలిత
నల్లకోటు గారూ, మా వాచ్‌మన్ సంగతి ఏమైనా చెయ్యొచ్చా? నాలుగు నెలలు కావస్తోంది. ఎఫ్ఐఆర్ లేదు. ఆస్పత్రి కాగితంలో జారిపడ్డాడని ఉంది. కారు నంబరు ఆయన భార్య పాలకార్డు మీద రాసి పెట్టుకుంది.

నల్లకోటు
ఆ పాలకార్డు జాగ్రత్త. కేసు కష్టం, కానీ పోలేదు. ముందు ఎఫ్ఐఆర్ కట్టించాలి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిముని అనుమానించకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, మన దేశంలో గాయపడినవాడి ఇంట్లోవాళ్ళు ముందు ఆస్పత్రికి పరిగెత్తుతారు గానీ స్టేషన్‌కి కాదని ఆ తీర్పు అర్థం చేసుకుంది. ఆస్పత్రి బిల్లు కారు వాళ్ళ పేరు మీదో, వాళ్ళ కార్డుతోనో కట్టి ఉంటే అదే పెద్ద సాక్ష్యం, జారిపడ్డవాడికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు బిల్లెందుకు కడతారు? వేలిముద్ర కాగితం చదివి వినిపించకుండా తీసుకుంటే దాని విలువ తక్కువ.

ఇంకో మంచి సంగతి, ఆయన దీని కోసం హైదరాబాద్ రానక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు ఉంటున్న చోట కూడా క్లెయిము వెయ్యొచ్చు. శ్రీకాకుళం జిల్లా కోర్టులోనే ట్రిబ్యునల్ ఉంటుంది. లాయరు ఫీజు కట్టలేకపోతే అక్కడే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఆరు నెలల గడువు గుర్తుంచుకోండి, ఇంకా రెండు నెలలే.

బెజవాడ_సుజాత
శ్రీకాకుళంలో మా పెద్దమ్మ కొడుకు కోర్టులో గుమాస్తా. లలిత గారూ, మెసేజ్ పెట్టండి, నంబరు ఇస్తాను. ఇక్కడ కాదు, మోడరేటర్ గారు తీసేస్తారు.

మల్కాజిగిరి_లలిత
పెట్టానండీ. ఆయన భార్యతో ఇప్పుడే మాట్లాడాను. బిల్లు ఎవరు కట్టారో తెలీదట, రసీదు మాత్రం ట్రంకు పెట్టెలో ఉందట. ఫోటో తీసి పంపమన్నాను, వాళ్ళబ్బాయి స్కూలు నుంచి వచ్చాక పంపుతానంది.

వైజాగ్_రైడర్
నేను వచ్చే వారం అటువైపే వెళ్తున్నా, పలాస దాకా. కాగితాలేమైనా జెరాక్సు తీయించి ఎవరికైనా ఇవ్వాలంటే చెప్పండి.

నల్లకోటు
జెరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్సు ఎవరి చేతికీ వద్దు, నా చేతికైనా సరే. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే ఫిల్ములు, ఆ రసీదు, పాలకార్డు. పనిచేసిన చోట జీతం ఎంత ఇచ్చేవాళ్ళో లలిత గారి అసోసియేషన్ లెటర్ ఇస్తే ఇంకా మంచిది.

మల్కాజిగిరి_లలిత
లెటర్ నేను తెస్తాను. ఆదివారం మీటింగు ఉంది, ఈసారి మినిట్స్‌లో రాయిస్తాను.